ఉనైసి కాళ్ళు తుడుచుకున్న రాయి

ప్రతి ఆదివారం పొద్దున రెండోసారి కొయ్య డోలు మోగేసరికి ఉనైసి ఒక దేవుడి మీద కాళ్ళు తుడుచుకునేది. చెప్పులు పక్కన విడిచి, ముందు కుడికాలు, తర్వాత ఎడమకాలు. మడమల బురద రాయి అంచుకి గీరి చర్చి లోపలికి నడిచేది. ఆమె వెళ్ళాకే ఊరి పెద్ద, ఆయన వెనక మిగతా వైనివేసి ఊరంతా.

ఆ రాయి చర్చి గుమ్మం ముందు నేలలో సగం దిగబడి ఉండేది. పెద్ద పీటంత వెడల్పు, ఇద్దరు మగవాళ్ళు కలిసి ఎత్తగలిగినంత బరువు. ఒకప్పుడు దాని ముందు మనుషుల్ని చంపేవారు. టోంగా నుంచి వచ్చిన బోధకుడి మాట విని ఊరు క్రీస్తుని ఒప్పుకున్నప్పుడు, ఆ రాయికి పూజారిగా ఉన్నవాడే దాన్ని పెకలించి, దొర్లించుకుంటూ తెచ్చి ఇక్కడ పాతాడట. అప్పటినుంచి ఆ పూజారి వంశంలో పెద్దదిక్కు ముందు కాళ్ళు తుడవాలి, ఆ తర్వాతే ఊరు. దేవుడికి ఏదో పేరుండేది. అది ఎవరికీ గుర్తులేదు. వానాకాలంలో పనికొచ్చే రాయి, అంతే.

ఉనైసి ఆ వంశానికి కోడలు. మొగుడు బతికున్నంత కాలం ఆయన తుడిచేవాడు. ఆయన పోయాక ఆ పని కొడుకు అమినియాసికి రావాలి. కానీ వాడు చర్చి అయ్యగారికి సాయంగా ఆదివారాలు ప్రసంగం చెప్పే మనిషి, వేదిక పక్క తలుపులోంచి వస్తాడు. అందుకని ఆమెకి పడింది.

ఆమెకి అరవై దాటాయి. మనిషి పొట్టి, నోరు పెద్దది. చాపలల్లడంలో చెయ్యి తిరిగిందేం కాదు. ఆమె అల్లిన చాప మూలలు పైకి లేస్తాయనీ, వాటి మీద పడుకుంటే పడవలో పడుకున్నట్టు ఉంటుందనీ ఆడపడుచులు ఇప్పటికీ అంటారు. భక్తి విషయంలో పెద్ద పట్టింపులు లేవు. అందరిలాగే రెండుపూటలా ప్రార్థన చేసేది, కాస్త తొందరగా చేసేది. "మన సంగతి దేవుడికి తెలుసు. చేప చల్లారిపోతోందని కూడా తెలుసు" అనేది. దేవుడున్నాడా అన్న అనుమానం ఆమెకి ఎన్నడూ లేదు. తన మాట వింటున్నాడా అన్న అనుమానం మాత్రం, మొగుడు వలతో సహా మునిగిపోయిన నాటినుంచి ఉంది. దాన్ని ఎవరితోనూ అనలేదు. అనుమానం ఉన్నవాళ్ళని మా ఊళ్ళో ముందు వరసలో కూర్చోబెట్టి వాళ్ళకోసం అందరూ బిగ్గరగా ప్రార్థిస్తారు. ఆ అవస్థ పడటం ఆమెకి ఇష్టంలేదు.

మనవరాలు తోరిక, అమినియాసి కూతురు, ఆమె దగ్గరే పెరిగింది. పదకొండేళ్ళ పిల్ల. తల్లి నాందీ పట్నంలో హోటలు పనికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. తోరికకి గుండె కవాటం పాడైంది. ముందు గొంతునొప్పి, తర్వాత కీళ్ళజ్వరం, తర్వాత గుండె. మా దీవుల్లో ఈ వరస తెలియని ఇల్లు తక్కువ. జబ్బు ముదరకుండా నెలకోసారి పెన్సిలిన్ సూది వెయ్యాలి. మందు చిక్కన, సూది లావు. వేసిన రోజంతా పిల్ల కుంటుతుంది. నర్సు ఉండే చిన్న ఆసుపత్రికి పడవలో గంటకు పైగా పడుతుంది. పగడపు దిబ్బ దాటగానే ఉనైసికి వాంతులు. పిల్ల ఏడుపు ముందురోజే మొదలవుతుంది. ఒకసారి చేమ మడిలో బురదలో బోర్లా పడుకుని దాక్కుంది. ఈడ్చుకెళ్ళి పడవెక్కించింది ఉనైసే.

తుఫాను వచ్చి, వేళ్ళు దంచి నీళ్ళల్లో కలిపి తాగే యంగోనా తోటల్ని మొదలంటా ఊడబెరికిన ఏడాది, అమినియాసి ఊరి పెద్దని ఒప్పించి రాజధాని సువా నుంచి పాస్టర్ ఎపెలినీ ఆయన బృందాన్నీ పిలిపించాడు. నేలని స్వస్థపరిచే ప్రార్థనలట. నేల కింద, ఇళ్ళల్లో దాగిన విగ్రహాల్ని వెలికితీసి కాల్చేస్తే పంటలు, ఆరోగ్యం, ఐకమత్యం అన్నీ వస్తాయట.

పడవ వచ్చేసరికి ఆటు. ఒడ్డు దగ్గర మోకాలి లోతు నీళ్ళు. బృందమంతా దిగి నడిచింది, పాస్టర్ దిగలేదు. కాళ్ళకి తెల్ల బూట్లున్నాయి. అమినియాసి ఆయన్ని వీపుమీద ఎక్కించుకుని ఇసక దాకా మోసుకొచ్చాడు. బృందంలో ఆడా మగా అందరి చొక్కాల మీదా పాస్టర్ ముఖం అచ్చువేసి ఉంది. నవ్వుతున్న ముఖం. లావుగా ఉన్నవాళ్ళ మీద ఇంకా వెడల్పుగా నవ్వుతోంది.

పడవ నడిపింది ఓరిసి, ఉనైసి అన్నకొడుకు. సముద్రపు దోసకాయలనే జీవుల్ని పట్టి అమ్ముకునేందుకు మునకలేయడానికి ఈ ఊరొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అమినియాసికి వరసకి బావ కాబట్టి వాడి నోటికి అడ్డు లేదు.

"ఏం బావా, మొయ్యాల్సింది సిలువ అనుకున్నానే," అన్నాడు.

"దైవజనుడి ముందు పిచ్చిమాటలు మాట్లాడకు," అన్నాడు అమినియాసి, ఆయాసపడుతూ.

"మాట్లాడను. బూట్లు తడవలేదుగా, చాలు."

ఆ వారమంతా బృందం ఇల్లిల్లూ తిరిగింది. తాతల నాటి యుద్ధపు గదలు, నల్లబడిన యంగోనా గిన్నె, చెట్టుబెరడు గుడ్డ మీద పాత ముగ్గులు, తాబేలు చిప్ప, కొమ్ముల బొమ్మ ఉన్న రగ్బీ చొక్కా, ఎవరో పిల్లాడి ప్లాస్టిక్ రాక్షసబల్లి, అన్నీ సముద్రపు ఒడ్డున గోతిలో వేసి కిరసనాయిలు పోశారు. బల్లి కరిగి నల్లటి పొగ లేచింది. ఆ కంపుకి దగ్గొచ్చినవాళ్ళని దయ్యం వదిలిపోతోందని పట్టుకున్నారు. గోడల మీద మేకులు ఖాళీ అయ్యాయి. బృందం పంచిన కేలెండర్లు ఆ మేకులకే వేలాడాయి. పన్నెండు నెలలూ పాస్టర్ ముఖమే. డిసెంబరులో పశువుల తొట్టి పక్కన కూడా ఆయనే నిలబడ్డాడు.

ఆదివారం ఆయన చర్చి గుమ్మం దగ్గర ఆగాడు. ఉనైసి అప్పుడే కాళ్ళు తుడుచుకుంటోంది.

"ఏంటమ్మా ఇది?"

"కాళ్ళు తుడుచుకునే రాయండి."

"అంతకుముందు?"

"అంతకుముందు దేవుడంటండి. మా మామగారి తాతలు తెచ్చి ఇక్కడ పాతారు."

పాస్టర్ కళ్ళు మూసుకున్నాడు. భుజాలు వణికాయి. కాసేపటికి ఒక పేరు పలికాడు. నూటయాభై ఏళ్ళుగా పేరు లేకుండా పడి ఉన్న రాయికి, ఒక్క నిమిషంలో పేరొచ్చింది. ఆ పేరు విన్న ఆడవాళ్ళు పిల్లల్ని దగ్గరకి లాక్కున్నారు.

ఆ రోజు ప్రసంగమంతా రాయి గురించే. "మీరు దాని మీద కాళ్ళు తుడుస్తున్నాం అనుకుంటున్నారు," అన్నాడు మైకు నోటికి ఆనించుకుని. "తుడవట్లేదు. అదే మీ కాళ్ళు నాకుతోంది. నాకినోళ్ళ ఇంటికి వెంట వస్తోంది. ముందుగా ఎవరిని నాకుతుందో వాళ్ళింట్లో చూడండి, ఎవరికి జబ్బుందో."

ఊరంతా ఉనైసి వైపు తిరిగింది. ఉనైసి తన పాదాల వైపు చూసుకుంది.

ఊరి చర్చి అయ్యగారు సైలోసి వేదిక మీదే ఉన్నాడు. రాయి సంగతి ఆయనకి బాగా తెలుసు. ప్రతి ఏడాది పిల్లలకి ఆ కథ చెప్పి, ఎవడి భయం పోయిందో వాడికి ఆ దేవుడు చచ్చాడని అర్థం అనేవాడు. ఆ రోజు ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. సువాకి బదిలీ కోసం చూస్తున్నాడు, ఎవరితోనూ గొడవ వద్దు.

సాయంత్రం పాస్టర్ ఉనైసి ఇంటికి వచ్చాడు. బృందం చేయించిన ఉపవాసం అప్పుడే విడిచారు, పంది కోశారు. కొవ్వు అంటిన వేళ్ళతోనే తోరిక నెత్తిమీద చెయ్యి పెట్టాడు.

"నెలనెలా తప్పకుండా ఎక్కడికి వెళ్తున్నారమ్మా?"

"నర్సమ్మ దగ్గరికండి. సూదికి."

"తప్పితే భయమా?"

"భయమేనండి."

"ఎవరి దగ్గరికి తప్పకుండా వెళ్తామో, ఎవరు లేకపోతే భయపడతామో, ఆయన మన దేవుడు. ఈ బిడ్డకి దేవుడు సూదన్నమాట." జేబులో ఫోను వణికింది. గుట్ట ఎక్కితే గానీ అందని సిగ్నల్ ఆ క్షణాన ఎక్కడ తగిలిందో. చూసుకుని, చిరునవ్వు నవ్వి, మళ్ళీ లోపల పెట్టుకున్నాడు.

ఆయన వెళ్ళాక అమినియాసి అన్నాడు, "అమ్మా, వచ్చే నెల పడవ వద్దు."

"డాక్టరు మానొద్దన్నాడు కదరా."

"డాక్టరు పెద్దోడా, దేవుడు పెద్దోడా?"

తోరిక సంతోషంతో చాప మీద దొర్లింది. ఉనైసికీ ప్రాణం హాయిగా అనిపించింది. వాంతులు లేవు, పిల్లని ఈడ్చుకెళ్ళడం లేదు, సూది దిగేటప్పుడు కాళ్ళు గట్టిగా పట్టుకోవడం లేదు. ఆ హాయికి ఆమె విశ్వాసం అని పేరు పెట్టుకుంది. ఆ రాత్రి ప్రార్థన కూడా తొందరగా ముగించలేదు.

బృందం వెళ్ళిపోయింది. రాయిని తీసేందుకు మళ్ళీ వస్తాననీ, అప్పటిదాకా ఊరు దాన్ని ముట్టుకోకూడదనీ పాస్టర్ చెప్పి వెళ్ళాడు. చెప్పక్కర్లేకపోయింది. మరుసటి ఆదివారం నుంచి ఊరంతా వేదిక పక్క తలుపులోంచి లోపలికి వెళ్ళడం మొదలుపెట్టింది. రాయి చుట్టూ గడ్డి పెరిగింది. పిల్లలు బంతి అటు పోతే వదిలేసేవారు. సాయంత్రం అటుగా వెళ్ళాల్సినవాళ్ళు గొంతు తగ్గించేవారు. ఒకరోజు పొద్దున రాయి పక్కన చేమాకులో చుట్టిన చేప ముక్క కనబడింది. ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేదు. కుక్క తినేసింది. ఆ కుక్క చస్తుందేమోనని ఊరు కొన్నాళ్ళు ఎదురుచూసింది. దాని పాటికి అది తిరుగుతూనే ఉంది.

చర్చి ముంగిలి ఊడవడం ఉనైసి వంతు వచ్చిన శనివారం, ఆమె గుమ్మం దాకా ఊడ్చి, రాయి దగ్గరికి రాగానే పావడా కాస్త ఎత్తి పెద్ద అంగ వేసి దాన్ని దాటింది. దాటాక చీపురు పట్టుకుని నిలబడిపోయింది. ఎన్నో ఏళ్ళుగా పేడ, బురద, చేప పొలుసు తుడిచిన రాయి. ఇప్పుడు దానికి కాలు తగలకుండా పావడా ఎత్తింది తనే. తన కాలు చూస్తే తనకే రోత పుట్టింది. అయినా వెనక్కి వెళ్ళి తుడవలేదు. తోరిక గుర్తొచ్చింది. ఒకవేళ నిజమైతే?

రెండు సూదులు తప్పాయి. మూడోదాని రోజులు దగ్గరపడుతుండగా తోరికకి గొంతు పట్టింది. ఊళ్ళో పిల్లలందరికీ పట్టింది, అందరికీ తగ్గింది. ఈ పిల్లకి మాత్రం మోకాళ్ళు వాచాయి, తర్వాత మణికట్లు. జ్వరం. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, గోడకి ఆనించి కూర్చోబెట్టాలి. అమినియాసి గుట్టెక్కి పాస్టర్‌కి ఫోన్ చేశాడు. ఇంటిల్లిపాదీ ఉపవాసం ఉండాలనీ, బిడ్డ కూడా మధ్యాహ్నం దాకా ఏమీ తినకూడదనీ, రాయి పోయిన రోజే బిడ్డ లేస్తుందనీ కబురు. ఉనైసి పిల్లని వంటపాక వెనక్కి ఎత్తుకెళ్ళి, నిమ్మాకు టీలో బిస్కట్టు ముంచి తినిపించింది.

"నాన్న చూస్తే కొడతాడు నాయనమ్మా," అంది తోరిక.

"నన్ను కొడతాడు లే. తిను."

మధ్యాహ్నం పడవల పాక దగ్గర ఓరిసి ఇంజను విప్పి తుడుస్తున్నాడు. ఉనైసి వెళ్ళి పక్కన కూర్చుంది.

"పిల్లని తీసుకెళ్దామా?" అంది.

"పెట్రోలంతా రాయికి రాసిపెట్టారత్తా. దిబ్బ దాటి లోతులో ముంచాలంట. ముంచాక మిగిలితే చూద్దామన్నాడు బావ."

"ముందు పిల్లని దింపొచ్చుగా."

"నేనూ అదే అన్నా. దయ్యం ముందు పోవాలి, జబ్బు తర్వాత పోద్దంట. అన్నిటికీ వరస ఉంటదంట." వాడు గుడ్డ నేలకేసి కొట్టాడు. "అత్తా, నన్నడిగితే..."

"నిన్నెవరడిగార్రా?"

"ఎవరూ అడగట్లా. అదే నా బాధ."

ఆమె ఆ గుడ్డ తీసి దులిపింది. తర్వాత, "నాకు భయంగా ఉంది ఓరిసీ," అంది. "తీసుకెళ్తే దేవుడికి కోపమొస్తుందేమో. తీసుకెళ్ళకపోతే పిల్ల పోద్దేమో."

"దేవుడికా, పాస్టర్‌కా?"

ఆమె ఆలోచించింది. తను ఇన్ని రోజులూ మనసులో ఊహించుకున్న కోపపు ముఖం ఎవరిదో చూసుకుంది. అది నవ్వుతున్న ముఖం, కేలెండరు మీది ముఖం. లేచి ఇంటికి నడిచింది.

పాస్టర్ మరుసటి రోజు దిగాడు. మళ్ళీ ఆటే, మళ్ళీ అమినియాసి వీపే. ఊరంతా చర్చి ముందు చేరింది. పాటలు పాడారు, నూనె చల్లారు. కొబ్బరినూనే, సీసా మీద పాస్టర్ బొమ్మ. అన్నీ అయ్యాక రాయిని పెకలించాల్సిన ఘట్టం వచ్చింది. గునపం అమినియాసి చేతిలో ఉంది. వాడు రాయి దాకా వెళ్ళి ఆగిపోయాడు. వేరేవాళ్ళని పిలిచాడు. ఒకడికి నడుంనొప్పి, ఒకడి భార్య నిండు నెలలు. ఎలుగెత్తి దయ్యాల్ని గద్దించినవాళ్ళంతా నేల చూపులు చూశారు. పాస్టర్ తన బృందం వైపు చూశాడు. బృందం పాట అందుకుంది.

అప్పుడు ఊరి పెద్ద తరఫున మాట్లాడే ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "ఊరికే ఎత్తేస్తే ఎలా? ఎంతైనా పాతకాలం నుంచి ఉన్నది. ఇల్లు కదిలించాలన్నా ఒక మాట అడుగుతాం. అడగకుండా చేస్తే మర్యాద కాదు."

జనం ఊపిరి పీల్చుకున్నారు. ఇది అందరికీ తెలిసిన పని. పాస్టర్ కాసేపు ఆలోచించాడు. ఆయనా ఈ దీవుల మనిషే. "మర్యాద కూడా దేవుడిచ్చిందే," అన్నాడు చివరికి.

చాప పరిచారు. మగవాళ్ళు రాయి ముందు బాసిపట్లు వేసుకుని, తలలు దించి కూర్చున్నారు. యంగోనా వేళ్ళ కట్ట రాయి ఎదుట పెట్టారు. ముసలాయన, ఏదైనా వేడుకునేటప్పుడు ఇచ్చే తిమింగలపు పన్ను రెండు చేతులా పట్టుకుని, పెద్దల ముందు మాట్లాడే మెత్తటి గొంతుతో అన్నాడు: "అయ్యా, మేం చిన్నవాళ్ళం. తెలిసీ తెలియక తిరిగాం. మిమ్మల్ని కదిలిస్తున్నందుకు మనసులో పెట్టుకోవద్దు. మా పిల్లల్ని చల్లగా చూడండి." అందరూ అరచేతులు గుల్లగా చేసి, చప్పట్లు కొట్టారు. పాస్టర్ కూడా కొట్టాడు. తెల్ల బూట్లు విడిచి, జతగా చాప అంచున పెట్టి ఉన్నాయి.

ఉనైసి జనం వెనక నిలబడి ఇదంతా చూసింది. వంటపాక వెనక టీ తాగించినప్పుడు పిల్ల ఛాతీలో వినిపించిన చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది. విగ్రహాలు కాల్చడానికి వచ్చినవాళ్ళు, ఆ రాయి ఇన్నేళ్ళలో ఎన్నడూ ఎరగని పూజ దానికి చేసిపెట్టారు. పక్కకి తిరిగి ఉమ్మేసింది.

"అయిపోయిందా పూజ?" అంది.

తలలు తిరిగాయి. "అమ్మా, నువ్వు ఇంటికెళ్ళు," అన్నాడు అమినియాసి.

"అక్కడికే పోతున్నా."

అనుమతి దొరికింది కాబట్టి ఇప్పుడు రాయి తేలిగ్గానే లేచింది. దాన్ని తెల్లగుడ్డలో చుట్టి, నలుగురు మోసుకెళ్ళి పడవ మధ్యలో పెట్టారు. పాస్టర్ పడవ మీద నూనె చల్లి ప్రార్థన ముగించేసరికి, ఓరిసి వీపుమీద తోరికని ఎక్కించుకుని నీళ్ళల్లోకి దిగాడు. వెనక ఉనైసి, చంకలో మూట.

"ఈ పడవ ప్రతిష్ఠ అయ్యింది," అన్నాడు పాస్టర్ ఒడ్డు మీది నుంచి. "ఇంకెవరూ ఎక్కకూడదు."

"దయ్యం ఎక్కింది కదండీ. నా మనవరాలు ఎక్కితే ఇరుకైపోద్దా?"

"అది బిడ్డని పట్టుకుంటుందమ్మా."

"పట్టుకోనివ్వండి. మీరు దాన్ని బతిమాలారుగా, చల్లగా చూస్తది."

ఎవరో నవ్వబోయి దగ్గారు. ఉనైసి పడవెక్కి, రాయి మీది తెల్లగుడ్డ లాగి, మడిచి పిల్ల వీపు కింద పెట్టింది. ఎదురుగా కూర్చుంది. ఒడ్డు బురద పాదాలకి అలాగే ఉంది. రాయి మీద తుడిచింది. ముందు కుడికాలు, తర్వాత ఎడమకాలు. అందరికీ కనబడింది.

అమినియాసి నడుంలోతు నీళ్ళల్లోకి వచ్చి పడవ అంచు పట్టుకున్నాడు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చెడ్డవాడు కాదు. కూతురు బతకాలనే ఇదంతా చేశాడు.

"అమ్మా, నీకు విశ్వాసం లేదా?"

"ఏమోరా. ఉందో లేదో తర్వాత చూసుకుంటా. చెయ్యి తియ్యి."

వాడు పాస్టర్ వైపు చూశాడు. పాస్టర్ వంగి బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. అమినియాసి చెయ్యి తీశాడు. పడవ మాత్రం ఎక్కలేదు.

దారిలో తోరిక ఒక్కసారే మాట్లాడింది. సూది వేస్తారా అని అడిగింది. వేస్తారంది ఉనైసి. పిల్ల ఏడవలేదు. ఏడవడానికి ఊపిరి లేదు. నర్సు చూడగానే సువాకి కబురు పెట్టింది, మర్నాడు పెద్దాసుపత్రికి తరలించారు.

ఓరిసి ఖాళీ పడవతో తిరిగొచ్చాడు. ఎక్కడ ముంచావని పాస్టర్ అడిగితే, "లోతుగా ఉన్నచోటే అయ్యగారూ," అన్నాడు. ఆ చిన్న ఆసుపత్రి మెట్టు ముందు వానొస్తే ఒకటే రొచ్చు. ఇప్పుడక్కడ పీటంత రాయి ఉంది. నర్సు ఎవరొచ్చినా ముందు కాళ్ళు దానిమీద తుడుచుకుని రమ్మంటుంది. వైనివేసి వాళ్ళు కూడా తుడుచుకుంటారు. గుర్తుపట్టినవాళ్ళు ఉండొచ్చు, ఎవరూ అనలేదు.

రెండు వారాలకి అమినియాసి సువా ఆసుపత్రికి వచ్చాడు, చేతిలో పాస్టర్ బొమ్మ ఉన్న నూనె సీసా. పిల్లకి రాయమన్నారట. ఉనైసి సీసా తీసుకుని, మూత విప్పి, నొప్పి పుడుతున్న తన మోకాళ్ళకి రుద్దుకుంది. వాడు మంచం పక్కన నేలమీద పడుకుని, నర్సు సూదితో వచ్చినప్పుడు లేచి కూతురి కాళ్ళు పట్టుకున్నాడు.

ఊళ్ళో పెద్ద గుమ్మం మళ్ళీ తెరిచారు. రాయి ఉన్న చోట గొయ్యి పడింది, వానకి నీళ్ళు నిలుస్తాయి. జనం ఇప్పటికీ దాన్ని చుట్టుకునే వెళ్తున్నారు. కొత్త ఏడాది కేలెండరు వచ్చింది. మార్చి నెలలో పాస్టర్ పక్కన తోరిక ఫోటో ఉంది, మొదటిసారి వచ్చినప్పుడు నెత్తిమీద చెయ్యిపెట్టి తీయించుకున్నది. కింద పెద్ద అక్షరాల్లో, స్వస్థత పొందిన బిడ్డ అని.

డాక్టర్లు చూసి, రెండో కవాటం కూడా పోయిందన్నారు. గుండె కోసి బాగుచేసే వైద్యులు సముద్రం అవతల నుంచి ఏడాదికోసారి సువాకి వస్తారు. వచ్చినప్పుడల్లా ఇరవైమందికి మించి చెయ్యలేరు. జాబితాలో తోరిక పేరు ముప్పై ఏడోది.